ఐసీయూలో లెక్క రాసే కొలువు

మైక్రోబయాలజీ, నర్సింగ్ లేదా పబ్లిక్ హెల్త్ చదువుతున్నారా? ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ విభాగం గురించి తెలుసుకోండి. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే ఆసుపత్రికి ఈ బృందం ఉండి తీరాలి.

రోగి ఒక జబ్బుతో వచ్చి, ఆసుపత్రిలో మరో ఇన్ఫెక్షన్ తగిలించుకుంటే దాన్ని పట్టుకుని లెక్కరాయడం ఇక్కడి ప్రధాన పని. వినడానికి గుమస్తా పనిలా ఉంటుంది గానీ, కాదు.

ఒక ఐసీయూలో ఈ నెల సెంట్రల్ లైన్ వల్ల ముగ్గురికి రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చిందనుకోండి. మరో చోట ఇద్దరికే. రెండోదే నయమా? తొందరపడకండి. లైన్ ఉన్న రోగులను రోజూ ఒకే సమయానికి లెక్కపెట్టి, నెలంతా కూడాలి. ఒకరికి రెండు లైన్లున్నా ఒకటిగానే లెక్క. మొదటి చోట అలా 1200 లైన్ రోజులు వస్తే, వెయ్యికి రేటు 2.5. రెండో చోట 250 రోజులే అయితే, రేటు 8!

దేశమంతా ఇలా పోల్చాలంటే అందరి నిర్వచనాలూ ఒకటే కావాలి. ఢిల్లీ ఎయిమ్స్ సమన్వయంతో, ఐసీఎంఆర్, ఎన్‌సీడీసీ, అమెరికా సీడీసీల తోడ్పాటుతో నడిచే నెట్‌వర్క్ చేస్తున్నది అదే. 26 ఆసుపత్రుల్లోని 89 ఐసీయూల నుంచి 2017 మే - 2018 అక్టోబరు మధ్య సేకరించిన లెక్కలు 2022లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చాయి. చదవండి, ఇంటర్వ్యూకి పనికొస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. బ్లడ్ కల్చర్ పంపకపోతే ఇన్ఫెక్షన్ లెక్కలోకే రాదు. యాంటీబయాటిక్ మొదలెట్టాక పంపితే సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు. ‘మా దగ్గర సున్నా’ అని ఎవరైనా గొప్పగా చెబితే, ఎన్ని కల్చర్లు పంపారో అడగండి. ‘ఇది పేషెంట్ బయటి నుంచి తెచ్చుకున్నదేనమ్మా, కేసు తీసెయ్’ అని పెద్ద డాక్టరే అనొచ్చు. చేరిన మూడో రోజు నుంచి మొదలైతే, సాధారణంగా అది ఆసుపత్రి ఖాతాలోకే వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ మాట చెప్పడం తేలిక కాదు. అయినా తీసేస్తే, పక్క బెడ్‌లో ఉన్నవాళ్లకి అదే ఇన్ఫెక్షన్ వచ్చేదాకా ఎవరూ కదలరు.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు పోస్టుకి నర్సింగ్ రిజిస్ట్రేషన్ కావాలి. ల్యాబ్, డేటా పనులకు మైక్రోబయాలజీ, ఎంపీహెచ్ వాళ్లను తీసుకుంటారు. ప్రాజెక్టు పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే, ఆ సంగతి ముందే తెలుసుకుని చేరండి. ఎక్సెల్‌తో పాటు, ఉచితంగా దొరికే హూనెట్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి.

‘ఈ నెల మా రేటు పెరిగింది, ఎందుకు?’ అని ఇంటర్వ్యూలో అడగొచ్చు. వెంటనే చేతుల శుభ్రత గురించి ఉపన్యాసం మొదలెట్టకండి. లైన్ రోజులు తగ్గాయా, కల్చర్లు పెరిగాయా అని మీరే తిరిగి అడగండి.