కారులో టైరు దీపము వెలిగినప్పుడు

నేడు పల్లెలలో చాలా రైతు కుటుంబములకు కార్లున్నవి. కొత్త కార్లలో అనేకమునకు, టైరులో గాలి తగ్గినచో డ్రైవరు ఎదుట పసుపుపచ్చని దీపమొకటి వెలుగును. గుర్రపు నాడా వంటి ఆకారము, దాని నడుమ ఆశ్చర్యార్థకపు గుర్తు ఉండును. దానిని చూచియు “ఊరు చేరిన తరువాత చూతములే” అని సాగిపోవువారు కలరు. ఇది ప్రాణము మీదికి తెచ్చు అలవాటు.

ఏలయనగా ఆ దీపము ముందుగా వెలుగునది కాదు. అమెరికాలో 2007 సెప్టెంబరు నుండి కొత్త కార్లన్నిటికి ఈ ఏర్పాటు తప్పనిసరి చేసిరి. ఉండవలసిన గాలిలో 25 శాతము తగ్గుసరికి దీపము వెలుగవలెనని అచ్చటి నిబంధన. అనగా 32 పౌన్లు ఉండవలసిన టైరులో 24 పౌన్లకు దిగువరకు దీపము ఊరకుండవచ్చును. గాలి చాలని టైరు ప్రక్కలు ప్రతి చుట్టుకు నలిగి, లోపల వేడెక్కును. వేసవిలో, నిండు బరువుతో, తారురోడ్డుపై వేగముగా పోవునప్పుడు అట్టి టైరు పగిలిపోవచ్చును.

దీపము కనబడగానే బ్రేకు గట్టిగా తొక్కరాదు, స్టీరింగు చటుక్కున త్రిప్పరాదు. మెల్లగా వేగము తగ్గించి, రోడ్డు ప్రక్కన గట్టినేలపై బండి నిలిపి నాలుగు టైర్లను చూడవలెను. ఒకటి పూర్తిగా దిగిపోయియున్నచో దానిపై కొద్ది దూరమైనను నడపవద్దు. రిమ్ము అంచు టైరును నలిపివేయును. మిగిలిన చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి స్టెప్నీ బిగించుకొనవలెను. జాకీని నమ్మి బండి క్రింద దూరరాదు.

అన్ని టైర్లు నిండుగా కనబడినను కంటిని నమ్మవద్దు. నెమ్మదిగా దగ్గరి పెట్రోలు బంకుకు పోయి గేజితో కొలిపించవలెను. ఎంత గాలి ఉండవలెనో డ్రైవరు వైపు తలుపు తెరచినచోట అతికించిన చీటీలో సాధారణముగా చూడవచ్చును. అది చల్లని టైరుకు చెప్పిన కొలత. నడచి వేడెక్కిన టైరులో గేజి ఎక్కువ చూపును. అది చూచి గాలి వదలరాదు.

చలికాలపు తెల్లవారుజామున దీపము వెలిగి, ఎండ ఎక్కిన పిదప ఆరిపోవుట కలదు. ఆరినదని సంతోషింపరాదు, గాలి అంచున ఉన్నదని దాని అర్థము. మొదట నిమిషముసేపు మినుకుమినుకుమని, పిదప నిలకడగా వెలిగినచో కొలుచు పరికరమే చెడినదని మెకానిక్కుకు చూపవలెను.

చేలగట్లపై బండి నిలుపువారికి సర్కారు తుమ్మ ముల్లు బెడద తప్పదు. ఒకే టైరు వారము వారము దిగిపోవుచున్నచో మరల మరల గాలి కొట్టించుట దండుగ. ముల్లు వెదకి తీయించి పంక్చరు వేయించవలెను. వాల్వుపై ఉమ్మి రాసి బుడగ వచ్చునేమో చూచు మన మెకానిక్కుల పాత పద్ధతి నేటికిని పనికివచ్చును.

ట్రాక్టరుకు, ట్రాలీకి సాధారణముగా ఈ దీపము ఉండదు. కారు అంకెలు వాటికి చెల్లవు. ఆ బండి పుస్తకములోని కొలతనే పాటించవలెను. ధాన్యపు బస్తాలు ఎత్తకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, గేజి పెట్టి చూచుకొనవలెను.