28 డిగ్రీలకే మరిగే సముద్రం

1926లో పారిస్ సైన్స్ అకాడమీ సభ్యుల ముందు జార్జ్ క్లోడ్, పాల్ బూషెరో రెండు పాత్రలు పెట్టారు. ఒకదానిలో 28 డిగ్రీల నీళ్లు, రెండోదానిలో మంచుముక్కలు. పంపుతో లోపలి గాలి తోడేశారు. పొయ్యి లేకుండానే నీళ్లు తెర్లాయి. ఆవిరి మంచు వైపు పరుగెత్తుతూ దారిలోని చిన్న టర్బైన్‌ను తిప్పింది. బల్బులు వెలిగాయి!

నీళ్లు మరగడానికి 100 డిగ్రీలు కావాలన్న లెక్క, పైన గాలి ఒత్తిడి మామూలుగా ఉన్నంతసేపే చెల్లుతుంది. ఆ ఒత్తిడిని సుమారు 27వ వంతుకు దించితే 28 డిగ్రీలు చాలు. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదానికి ఇది సరిగ్గా తలకిందులు. ఆవిరి కావడానికి వేడి కావాలి. బయటి మంట లేదు కనుక ఆ వేడిని నీళ్లు తమలోంచే ఇచ్చుకుని చల్లబడతాయి. అందుకే సముద్రపు వెచ్చని పైనీటిని 100 లీటర్లు పంపితే ఆవిరయ్యేది ఒక లీటరు, అటూఇటూ. మరి ఆ ఆవిరిని లాగేదెవరు? సముద్రగర్భపు చల్లని నీరే. అది పారే 12 డిగ్రీల గొట్టాలను తాకగానే ఆవిరి నీరైపోతుంది, అక్కడి పీడనం అటువైపు ఉన్నదానిలో సగానికన్నా తక్కువకు పడిపోతుంది. టర్బైన్‌ను తిప్పే బలమంతా ఆ తేడాలోనే ఉంది. ఉప్పు ఆవిరితో పైకి రాదు. కాబట్టి గొట్టాల మీంచి కారేది మంచినీరు.

క్లోడ్ గురువు దార్సోన్వల్ దారి వేరు. తక్కువ వేడికే మరిగే ద్రవాన్ని మూసిన గొట్టాల్లో తిప్పాలని ఆయన 1881లోనే చెప్పాడు. ఆ గొట్టాలకు తుప్పూ నాచూ పట్టవా అన్నది శిష్యుడి అభ్యంతరం. సముద్రాన్నే మరిగిద్దామన్నాడు. ఆ తెగువ ఎంత ముచ్చటైనదో!

1930లో క్యూబాలోని మతాంజాస్ తీరంలో, లోతు నుంచి చల్లని నీటిని తోడేందుకు క్లోడ్ వేసిన రెండు గొట్టాలు సముద్రం పాలయ్యాక, సుమారు 2 కిలోమీటర్ల పొడవున్న మూడోది నిలిచింది. 22 కిలోవాట్ల కరెంటు పుట్టింది. కానీ నీళ్లు తోడే పంపులు అంతకన్నా ఎక్కువే తినేశాయి. 1993లో హవాయిలో మాత్రం ఇదే పద్ధతిలో, పంపుల ఖర్చు పోను కూడా కరెంటు మిగిలింది.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ టర్బైన్‌ను పక్కనపెట్టి నీటినే ఎంచుకుంది. అది తెలివైన నిర్ణయం. 2005 నుంచి లక్షదీవుల్లోని కవరత్తిలో, సుమారు 350 మీటర్ల లోతు నుంచి తోడిన చల్లని నీటి సాయంతో రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తయారుచేసే ప్లాంటు నడుస్తోంది. 2011లో మినికాయ్, అగత్తి దీవుల్లోనూ అలాంటి ప్లాంట్లు వెలిశాయి. పంపులకు కావలసిన కరెంటును కూడా సముద్రం నుంచే తీసే ప్లాంటు నిర్మాణాన్ని కవరత్తిలోనే చేపట్టారు.