ఆ జాబితాలో మన కనకయ్య ఏడీ?

ఏడంటే ఏడు టెస్టులు. 350 పరుగులు. అంకెలు చూస్తే అతి మామూలు ఆటగాడు. కానీ భారత క్రికెట్‌కు తొలి టెస్టు కెప్టెన్ ఆయనే. మరి ప్రపంచ క్రికెట్ మహామహుల జాబితాలో సీకే నాయుడికి చోటుండాలా, వద్దా?

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఛాయ్ తాగుతున్నా, ఆదిలాబాద్‌లో మ్యాచ్ అయ్యాక మైదానం గట్టు మీద చతికిలబడ్డా... నలుగురు క్రికెట్ పిచ్చోళ్లు కలిస్తే ఒకటే పంచాయితీ. ‘సచిన్ గొప్పా, గావస్కర్ గొప్పా?’ ‘ధోనీ లేకుంటే కప్పు వచ్చేదా?’ ఛాయ్ చల్లారిపోతుంది గానీ పంచాయితీ మాత్రం తెగదు.

ఆ పంచాయితీలోకి ఎప్పుడో గానీ రాని పేరొకటుంది. కొఠారి కనకయ్య నాయుడు. లోకానికి సీకే నాయుడు. పూర్వీకులది మచిలీపట్నం. ఆయన పుట్టింది మాత్రం నాగపూర్‌లో, 1895 అక్టోబరు 31న. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు పోవాలి. నాగపూర్‌కు 200 కిలోమీటర్లు పోతే చాలు. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్ మీదుగా ఉత్తరాదికి పోయే రైలు బల్లార్షా దాటాక ఆగే పెద్ద ఊరు కూడా నాగపూరే. ఆ లెక్కన ఉత్తర తెలంగాణకు సీకే పక్కూరి మనిషి!

అంతర్జాతీయ క్రికెట్ మండలి 2009లో ‘హాల్ ఆఫ్ ఫేమ్’ పేరిట ఓ గౌరవ జాబితా మొదలుపెట్టింది. 2025 వరకు అందులో చేరిన భారతీయులు 11 మంది. బేడీ, గావస్కర్, కపిల్‌దేవ్, కుంబ్లే, ద్రవిడ్, సచిన్, వినూ మన్కడ్, సెహ్వాగ్, డయానా ఎడుల్జీ, నీతూ డేవిడ్, ధోనీ. సరిగ్గా ఒక జట్టుకు సరిపడా పేర్లున్నాయి. తొలి కెప్టెన్ పేరే లేదు!

పదకొండు సిక్సర్ల ఇన్నింగ్స్

సీకే తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ 1916లో. హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద. మొదటి మూడు బంతులూ బుద్ధిగా ఆపి, నాలుగోదాన్ని సిక్సర్‌గా పంపి ఖాతా తెరిచాడట. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలూ ఆయన ఆట అదే తీరు.

దేశం మొత్తం ఆయన పేరు మారుమోగింది మాత్రం 1926 డిసెంబరులో. ఆర్థర్ గిల్లిగన్ సారథ్యంలో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో మ్యాచ్. నాయుడు బ్యాటు పట్టుకుని దిగాడు. రెండు గంటలైనా తిరక్కముందే 153 పరుగులు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు! ఓ బంతి ఏకంగా జింఖానా కప్పు మీద పడింది. ముచ్చటపడిన ఎంసీసీవాళ్లు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

ఆ ఇన్నింగ్స్ ఒక మనిషి ఘనతతో ఆగిపోలేదు. ఇక్కడివాళ్లూ టెస్టు క్రికెట్ ఆడగలరని గిల్లిగన్ నమ్మాడు. సొంత క్రికెట్ బోర్డు పెట్టుకొమ్మని ప్రోత్సహించాడు. 1928లో బోర్డు పుట్టింది. 1932లో టెస్టు హోదా దక్కింది. అంటే తర్వాతి తరాలన్నీ నడిచిన బాటలో తొలి రాళ్లు పరిచినవాళ్లలో సీకే ఒకడన్నమాట.

ముప్ఫై ఆరేళ్లకు తొలి టెస్టు

1932 జూన్ 25. లార్డ్స్ మైదానం. భారత్‌కు మొట్టమొదటి టెస్టు. జట్టుకు పెద్ద పోరుబందర్ మహారాజు. తన ఆట టెస్టు స్థాయిది కాదని ఆయన హుందాగా పక్కకు జరిగాడు. ఉపకెప్టెన్ లింబ్డీ యువరాజు గాయపడ్డాడు. అలా పగ్గాలు నాయుడి చేతికొచ్చాయి. అప్పటికి ఆయన వయసు 36! ఈ రోజుల్లో చాలామంది ఆటకు వీడ్కోలు చెప్పే వయసు.

చేతికి దెబ్బ తగిలినా బ్యాటింగ్‌కు దిగి 40 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో మనవాళ్లలో అదే అత్యధికం. ఆ పర్యటన మొత్తంలో ఆయన కొట్టిన సిక్సర్లు 32. ఎడ్జ్‌బాస్టన్‌లో కొట్టిన ఒకటి పక్కనున్న రే నదిని దాటింది. అప్పట్లో ఆ నదే రెండు కౌంటీలకు సరిహద్దు. అందుకే వార్విక్‌షైర్‌లో కొడితే బంతి వూస్టర్‌షైర్‌లో పడిందని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఫస్ట్‌క్లాస్ మ్యాచుల్లో 1,618 పరుగులు, 65 వికెట్లు! మరుసటి ఏడాది విజ్డెన్ అయిదుగురు మేటి క్రికెటర్లలో ఒకడిగా ఎంచింది.

1936 ఇంగ్లండ్ పర్యటనకు మాత్రం ఆయన్ను కెప్టెన్‌ను చేయలేదు. ఆ పదవి ‘విజ్జీ’గా పేరుపడ్డ విజయనగరం మహారాజకుమార్‌కు దక్కింది. మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి 33 పరుగులు. అయితేనేం, ఆ పర్యటనలోనే ఆయనకు బ్రిటిష్ ప్రభుత్వం నుంచి ‘సర్’ బిరుదు వచ్చింది. ఓవల్‌లో చివరి టెస్టు ఆడిన నాయుడు, గబ్బీ అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా వెనక్కి తగ్గక 81 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. ఆఖరి ఇన్నింగ్స్ కూడా అదే. ఎవరికి ఏ గౌరవం ఎందుకొస్తుందో అన్నది ఇవాళ పుట్టిన పంచాయితీ కాదు!

వద్దనేవాళ్ల మాటేంటి?

ఎదుటి పక్షం వాదనా తేలిగ్గా తీసేసేది కాదు. ఏడు టెస్టులు, సగటు 25, ఒక్క సెంచరీ లేదు, 9 వికెట్లు. కెప్టెన్‌గా నాలుగు టెస్టుల్లో మూడు ఓటములు, ఒక డ్రా. 200 టెస్టులాడిన సచిన్ పక్కన ఈ అంకెలు పెట్టి ‘ఈయనా అంతటివాడే’ అంటే కుర్రాళ్లు నవ్వరా? ‘తొలి కెప్టెన్ కావడం అదృష్టం. అదృష్టానికి పతకాలిస్తారా?’ అని అడిగితే ఏం చెబుతాం?

చెప్పడానికి ఒకటుంది. ఆయనకు ముప్ఫయ్యో ఏడు వచ్చేనాటికి భారత్‌కు టెస్టు జట్టే లేదు. ఆట పదునుగా ఉండే వయసంతా నాలుగు మతాల జట్ల పోటీల్లోనే గడిచిపోయింది. లేని టెస్టుల్లో పరుగులు ఎవరు చేస్తారు? టెస్టులు వదిలేసి మొత్తం ఫస్ట్‌క్లాస్ లెక్క తీస్తే 207 మ్యాచులు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. ఆయన సారథ్యంలో హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఆంధ్ర జట్టుకూ ఆడాడు. 1956-57 సీజన్‌లో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ బరిలో దిగేనాటికి ఆయనకు 61 ఏళ్లు!

అమెరికావాళ్లు ఏం చేశారు?

ఇలాంటి చిక్కే అమెరికావాళ్లకూ వచ్చింది. అక్కడి బేస్‌బాల్‌ను క్రికెట్‌కు దాయాది అనుకోవచ్చు. కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో ఆ ఆట మహామహులకు ఓ మందిరమే కట్టుకున్నారు. 1936లో బేబ్ రూత్, టై కాబ్ సహా తొలి అయిదుగురిని ఎన్నుకున్నారు. ఓటు వేసేది ఆ ఆటను రాసే పాత్రికేయులు. నూటికి 75 ఓట్లు వస్తేనే లోపలికి దారి. ఆ ఫలితాలు వచ్చినప్పుడు అక్కడి ఇళ్లలో జరిగే వాదనల ముందు మన ఛాయ్ పంచాయితీలు ఏపాటి!

అయితే 1947 దాకా ఆ పెద్ద లీగుల్లో నల్లజాతివారికి ప్రవేశం లేదు. వాళ్లు వేరే లీగుల్లో ఆడుకోవాల్సి వచ్చింది. జోష్ గిబ్సన్ అనే భీకర బ్యాటర్ పెద్ద లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 1947 జనవరిలో 35 ఏళ్లకే చనిపోయాడు. సాచెల్ పేజ్ అనే మేటి పిచర్‌కు పెద్ద లీగులో అవకాశం వచ్చేసరికి 42 ఏళ్లు. అంకెలే కొలత అయితే ఇద్దరికీ చోటు లేనట్టే.

1966లో టెడ్ విలియమ్స్ అనే దిగ్గజం తనకు ఆ గౌరవం దక్కిన వేదిక మీదే, అవకాశం రాని నల్లజాతి ఆటగాళ్లకూ ఇక్కడ చోటివ్వాలని కోరాడు. ఆ మాట ఊరికే పోలేదు. ప్రత్యేక సంఘం వేసి 1971లో పేజ్‌ను, 1972లో గిబ్సన్‌ను చేర్చుకున్నారు. 2024లో ఆ పాత లీగుల లెక్కల్నీ అధికారిక రికార్డుల్లో కలిపారు. దాంతో ఎవరూ చెరపలేరనుకున్న టై కాబ్ సగటు రికార్డు గిబ్సన్ పేరు మీదికి మారింది. చనిపోయిన 77 ఏళ్లకు!

తెరిచిన తలుపే

క్రికెట్‌లోనూ అలాంటి తలుపు ఒకసారి తెరుచుకుంది. 2021లో ఐసీసీ పాత, కొత్త తరాలను అయిదు కాలాలుగా విడగొట్టి, ఒక్కో కాలం నుంచి ఇద్దరి చొప్పున పదిమందిని చేర్చుకుంది. వినూ మన్కడ్‌కు చోటు దక్కింది అప్పుడే. 1918-45 కాలం నుంచి ఎంపికైన ఇద్దరిలో ఒకరు వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్. ఆయన ఆడింది 18 టెస్టులు. బ్యాటింగ్ సగటు 19.24. తీసిన వికెట్లు 58. ఈ అంకెలూ అద్భుతమేం కాదు. కానీ ఓ కొత్త జట్టుకు గుర్తింపు తెచ్చిన మనిషి. మైదానం బయట వర్ణవివక్ష మీద కోర్టుకెళ్లి గెలిచిన మనిషి. ఆ ఎంపికను తప్పుపట్టాల్సిన పనిలేదు.

అయితే అదే కాలం, అలాంటి కొత్త జట్టే, అలాంటి సిక్సర్లే... నాయుడి విషయంలో మాత్రం కొలత వేరవుతుందా? సీకే కోసం నిబంధనలేవీ మార్చక్కర్లేదు. తెరిచిన తలుపును మరోసారి తెరిస్తే చాలు.

మరి లక్ష్మణ్? అజహర్? మిథాలీ?

ఈ మాట మొదలైతే హైదరాబాద్ పేర్లు ఆగుతాయా! హాల్ ఆఫ్ ఫేమ్ కోసం ఐసీసీ పెట్టుకున్న కొలతల ప్రకారం ఈ తరం బ్యాటర్‌కు టెస్టుల్లోనో వన్డేల్లోనో 8,000 పరుగులతోపాటు 20 సెంచరీలు ఉండాలి. లేదా సగటు 50 దాటాలి. వీవీఎస్ లక్ష్మణ్ టెస్టు పరుగులు 8,781. సెంచరీలు 17. సగటు 45.97. మూడు సెంచరీలు తక్కువ! 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద ఆడిన 281ని ఎన్ని సెంచరీలుగా లెక్కకట్టాలో ఏ పుస్తకంలోనూ రాయలేదు మరి.

అజహరుద్దీన్‌ది మరో రకం చిక్కు. తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. 99 టెస్టుల్లో 22 సెంచరీలు. మ్యాచ్‌ఫిక్సింగ్ ఆరోపణలపై 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేసింది. అది చెల్లదని 2012లో హైకోర్టు తీర్పిచ్చింది. బేస్‌బాల్‌లో పీట్ రోజ్‌దీ ఇలాంటి వివాదమే. అందరికన్నా ఎక్కువ హిట్లు కొట్టినా, పందేలు కాసినందుకు 1989లో బహిష్కరించారు. 2024లో ఆయన చనిపోయాక, 2025లో గానీ ఆ పేరును నిషిద్ధ జాబితా నుంచి తీసేయలేదు.

మిథాలీ రాజ్ విషయంలో మాత్రం వాదనే అక్కర్లేదు. వన్డేల్లో 7,805 పరుగులు. 19 ఏళ్లకే ఇంగ్లండ్ మీద టెస్టు డబుల్ సెంచరీ. ఆమె వీడ్కోలు చెప్పింది 2022 జూన్‌లో. రిటైరై అయిదేళ్లు నిండాలన్నది నియమం. అంటే 2027 దాకా ఆగాలి. అంతే!

మన పిల్లలకు తెలిసిన సీకే

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో బ్యాటు పట్టిన కుర్రాడు హైదరాబాద్ అండర్-23 జట్టుకు ఎంపికైతే ఆడేది ‘కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ’. ఆ పేరు స్కోరుకార్డు మీద చూస్తాడు, కప్పు మీద చూస్తాడు. ఎవరీ కల్నల్ అంటే? హోల్కర్ సంస్థానం సైన్యంలో దక్కిన హోదా అది అని, పదకొండు సిక్సర్ల కథ ఇది అని చెప్పేవాళ్లు ఎందరు?

హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరుంటే సీకేకు కొత్తగా వచ్చేదేం లేదు. ఆయన 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశాడు. వచ్చేదల్లా మనకే. ‘ఎవరీయన?’ అని పిల్లలు అడుగుతారు. పెద్దలు చెబుతారు. ఐసీసీ ఓటు ఎప్పుడు పడుతుందో గానీ ఈ ఆదివారం మీ ఇంట్లో ఓటింగ్ పెట్టుకోండి. తాతయ్యకు ఒకటి, మనవడికి ఒకటి. ఛాయ్ చల్లారినా ఫర్వాలేదు!

ఓవర్‌కు ఆరు ముచ్చట్లు

1. పద్మభూషణ్ అందుకున్న తొలి క్రికెటర్ సీకే నాయుడే. 1956లో.

2. క్రికెట్ బోర్డు 1994 నుంచి ఇస్తున్న జీవిత సాఫల్య పురస్కారం ఆయన పేరిటే.

3. తమ్ముడు సీఎస్ నాయుడు 11 టెస్టులాడాడు. 1944-45 రంజీ ఫైనల్లో బొంబాయి మీద ఒక్కడే 917 బంతులు వేశాడు. ఫస్ట్‌క్లాస్ మ్యాచుల్లో అది ప్రపంచ రికార్డు.

4. కూతురు చంద్ర నాయుడు దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరుపొందారు.

5. సీకే ఆఖరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ 1963-64లో. అదో సహాయనిధి మ్యాచ్. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు!

6. ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి భారతీయ మహిళ డయానా ఎడుల్జీ. 2023లో.