టర్బో పోయిందంటే నమ్మే ముందు...

(పూర్వ విద్యార్థి, ఎం.టెక్. థర్మల్ ఇంజనీరింగ్)



వార్షికోత్సవ సంచికకు ఒక సాంకేతిక వ్యాసం రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు సౌరశక్తి గురించి రాద్దామా, రాకెట్ల గురించి రాద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి మా ఇంటి ముందు ఆగిపోయిన కారు గురించే రాయాలని నిర్ణయించుకున్నాను. ఎందుకంటే మనలో చాలామందికి ఇంట్లో ఎవరో ఒకరు డ్రైవరు. కరీంనగర్ గ్రానైట్ లారీలు, గోదావరిఖని బొగ్గు లారీలు, ఆదిలాబాద్ పత్తి మోసే బండ్లు, కిరాయి కార్లు ఇవే మన ఇళ్ళకు అన్నం పెడుతున్నాయి. ఇవాళ రోడ్డు మీద తిరిగే డీజిల్ బండ్లలో దాదాపు అన్నిటికీ టర్బో ఉంటుంది. "టర్బో పోయింది" అన్న రెండు మాటలు ఒక ఇంటిని అప్పుల పాలు చేయగలవు. ఆ మాట ఎప్పుడు నిజమో, ఎప్పుడు కాదో తెలుసుకోవడం మనకు అవసరం.

మా ఇంట్లో జరిగింది

మా బాపు కిరాయి కారు నడుపుతాడు. పాత డీజిల్ కారు. ఫైనాన్సు వాయిదాలు తీరి ఏడాది కాలేదు. నేను సెమిస్టరు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు కేస్లాపూర్ నాగోబా జాతరకు కిరాయి తగిలింది. జగిత్యాల మీదుగా వెళ్ళి, నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుండగా కారు ఒక్కసారిగా గుంజుడు తగ్గింది. మీటరు దగ్గర ఇంజను లైటు వెలిగింది. యాక్సిలరేటరు మొత్తం తొక్కినా ముప్పై దాటలేదు. బాపు పక్కకు ఆపి, తాళం తీసి, కాసేపాగి మళ్ళీ స్టార్టు చేస్తే ఏమీ జరగనట్టే నడిచింది. మళ్ళీ ఎత్తు వచ్చేసరికి అదే కథ.

తిరిగి వచ్చాక ఒక షెడ్డులో చూపించాడు. వాళ్ళు స్కానర్ పెట్టి ఒక కాగితం తీసి ఇచ్చారు. "టర్బో పోయింది, కొత్తది వెయ్యాలె, ముప్పై అయిదు వేలు" అన్నారు. అమ్మ మాట్లాడకుండా గుండ్ల దండ తీసి బల్ల మీద పెట్టింది. చెల్లె డిగ్రీ ఫీజు వచ్చే నెల కడదామని బాపు అన్నాడు. చెల్లె సరేనని తల ఊపింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి ఆ కాగితం తీసుకుని చదివాను. అందులో "పి0234" అనే సంఖ్య, దాని పక్కన ఇంగ్లీషులో ఒక వాక్యం ఉన్నాయి. ఆ వాక్యానికి అర్థం చెప్పే ముందు టర్బో పని తీరు క్లుప్తంగా తెలుసుకుందాం.

టర్బో అంటే ఏమిటి?

కట్టెల పొయ్యిలో ఊదుగొట్టంతో ఊదితే మంట ఎందుకు లేస్తుంది? గాలి ఎక్కువ అందుతుంది కాబట్టి. ఇంజనులోనూ అంతే. గాలి ఎక్కువ పంపితే ఇంధనాన్నీ ఎక్కువ మండించవచ్చు. టర్బో అనేది ఇంజనుకు ఊదుగొట్టం. పొగ గొట్టం గుండా వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దీన్ని టర్బైన్ అంటారు. అదే ఇరుసుకు రెండో చివరన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి ఇంజనులోకి పంపుతుంది. ఇది కంప్రెసర్. నొక్కిన గాలి వేడెక్కుతుంది కనుక మధ్యలో ఇంటర్‌కూలర్‌తో చల్లబరుస్తారు. కారు టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందాడు.

మన చుట్టూ ఉండే గాలి పీడనం సుమారు 1 బార్. టర్బో దాని పైన మరో అర బార్ నుండి ఒక బార్ వరకు, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువ కలుపుతుంది. ఇలా అదనంగా వచ్చే పీడనాన్నే బూస్ట్ అంటారు.

వేస్ట్‌గేట్: టర్బోకు మత్తడి

ఇంజను వేగం పెరిగితే పొగ పెరుగుతుంది. పొగ పెరిగితే టర్బో వేగం, దానితో గాలి పెరుగుతాయి. గాలి పెరిగితే మళ్ళీ ఇంధనం, పొగ పెరుగుతాయి. దీనికి అడ్డు లేకపోతే ఏదో ఒకటి పగలాల్సిందే. చెరువు నిండినప్పుడు మత్తడి దుంకకపోతే కట్ట తెగుతుంది కదా. టర్బోకు అలాంటి మత్తడే వేస్ట్‌గేట్. టర్బైన్ పక్కన ఉండే ఒక చిన్న తలుపు అది. తెరుచుకుంటే కొంత పొగ చక్రాన్ని తాకకుండా పక్క నుండి వెళ్ళిపోతుంది.

ఆ తలుపును తెరిచేది యాక్చుయేటర్ అనే గుండ్రటి డబ్బా. అందులో ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు ఉంటాయి. బయటికి ఒక రాడ్ ఉంటుంది. పాత పద్ధతిలో కంప్రెసర్ నుండి ఒక సన్నటి రబ్బరు పైపు ఈ డబ్బాకు బూస్ట్‌ను తెస్తుంది. బూస్ట్ హద్దు దాటితే స్ప్రింగు ఓడిపోయి రాడ్ కదులుతుంది, తలుపు తెరుచుకుంటుంది. కొన్ని కార్లలో వాక్యూమ్‌తో పని చేసే డబ్బాలు, కొత్తవాటిలో కరెంటు మోటార్లు ఉంటాయి. మరికొన్ని డీజిల్ టర్బోలలో వేస్ట్‌గేట్ బదులు కదిలే రెక్కలు ఉంటాయి. కాబట్టి ముందు మన బండిలో ఏది ఉందో తెలుసుకోవాలి.

బ్లో-ఆఫ్ వాల్వ్: మన హాస్టల్ మోటరు పాఠం

మన హాస్టల్ నీళ్ళ ట్యాంకు నిండగానే ఎవరో ఒకరు మోటరు బంద్ చేయకుండా గేటువాల్వు తిప్పేసేవారు. పైపు ధన్‌మని ఎగిరేది. వార్డెన్ సార్ కేకలు వేసేవారు. పరుగెత్తే నీటికి దారి మూస్తే ఆ దెబ్బ పైపుకు తగిలింది.

పెట్రోలు టర్బో కారులోనూ ఇలాంటిదే జరుగుతుంది. కాలు తీయగానే గాలి దారిలోని థ్రాటిల్ పలక మూసుకుంటుంది. టర్బో మాత్రం అదే వేగంతో గాలిని తోస్తూనే ఉంటుంది. ఆ గాలి పలకకు కొట్టుకుని వెనక్కి వచ్చి కంప్రెసర్ రెక్కలను తాకుతుంది. "తుతుతుతు" అని చప్పుడు వస్తుంది. ఇది మళ్ళీ మళ్ళీ గట్టిగా జరిగితే బేరింగుల మీద భారం పడుతుంది. ఆ క్షణంలో తెరుచుకుని గాలిని వదిలేదే బ్లో-ఆఫ్ వాల్వ్. కంపెనీ నుండి వచ్చే కార్లలో చాలావరకు ఆ గాలిని బయటికి వదలకుండా కంప్రెసర్ ముందుకే తిరిగి పంపుతారు. దాన్ని డైవర్టర్ వాల్వ్ అంటారు. మన దేశంలో 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ వచ్చిన తర్వాత పెట్రోలు టర్బోలు మన ఊళ్ళలోనూ కనబడుతున్నాయి.

డీజిల్ ఇంజనులో శక్తిని హెచ్చుతగ్గులు చేసేది గాలి పలక కాదు, ఇంధనం. కాలు తీసినా గాలి దారి తెరిచే ఉంటుంది. అందుకే డీజిల్ బండికి బ్లో-ఆఫ్ వాల్వ్ అవసరం లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. విదేశీ పెట్రోలు కార్ల వీడియోలు చూసిన జ్ఞానంతో నేను మా డీజిల్ కారు కింద దూరి అరగంట సేపు బ్లో-ఆఫ్ వాల్వ్ కోసం వెతికాను. "ఏందిరా, గంట సేపటి సంది ఏం దేవులాడుతున్నవ్?" అని బాపు అడిగాడు. లేని వస్తువు కోసం అని అప్పటికి నాకూ తెలియదు.

కాగితం చెప్పిన మాట

పి0234 అంటే బూస్ట్ ఉండవలసిన దానికన్నా ఎక్కువైందని అర్థం. పి0299 అంటే తక్కువైందని. ఈ రెండింటికీ నడుమ మా ఇంటి ముప్పై అయిదు వేలు ఉన్నాయి. టర్బో నిజంగా చెడిపోతే గాలి తక్కువ రావాలి. మా కారులో ఎక్కువ వస్తోంది. అంటే టర్బో గట్టిగానే పని చేస్తోంది, మత్తడి తెరుచుకోవడం లేదు. బూస్ట్ హద్దు దాటగానే కారు కంప్యూటరు ఇంజనును కాపాడటానికి ఇంధనం తగ్గించింది. తాళం తీసి వేస్తే చాలా కార్లలో ఆ కట్టడి తొలగిపోతుంది. ఘాట్ మీద జరిగింది అదే. విరిగిన టర్బో తాళం తిప్పితే బాగుపడదు కదా!

ఇంజను చల్లారాక యాక్చుయేటర్‌కు వెళ్ళే సన్నటి పైపును వేళ్ళతో తడిమాను. పై నుండి బాగానే ఉంది. కింది వైపు, వేడికి గట్టిపడి, వేలి గోరంత పొడవున చీలి ఉంది. సైకిలు పంపుతో డబ్బాలోకి మెల్లగా గాలి కొడితే రాడ్ కదిలింది, అంటే డబ్బా బాగుంది. వేడిని తట్టుకునే కొత్త పైపు ముక్క, రెండు క్లిప్పులు కలిపి వంద రూపాయలు దాటలేదు. వారం తర్వాత ఆదిలాబాద్ కిరాయికి బాపు అదే ఘాట్ ఎక్కి పై నుండి ఫోన్ చేశాడు. "ఎక్కిందిరా" అన్నాడు, అంతే.

ఏ వరుసలో చూడాలి?

చవకైన దానితో మొదలుపెట్టి ఖరీదైన దానితో ముగించాలి.

1. ముందు డ్రైవరును అడగాలి. ఎప్పుడు మొదలైంది, ఎత్తులోనా చదునులోనా, పొగ ఏ రంగు, చప్పుడు ఎలాంటిది? డీజిల్‌లో నల్ల పొగతో గుంజుడు తగ్గితే గాలి చాలడం లేదు, పైపు లీకు కావచ్చు. నీలి పొగ అయితే ఆయిలు మండుతోంది. "స్స్" మని చప్పుడు వస్తే గాలి ఎక్కడో బయటికి పోతోంది.

2. స్కానర్ కోడ్ రాసుకోవాలి. ఎక్కువా, తక్కువా అన్నది తెలిస్తే సగం పని అయినట్టే. అయితే కోడ్ రోగ లక్షణం మాత్రమే చెబుతుంది, ఏ భాగం మార్చాలో చెప్పదు.

3. చల్లారిన ఇంజనులో ఎయిర్ ఫిల్టరు, ఇంటర్‌కూలర్ పైపులు, క్లిప్పులు, సన్న పైపులు అన్నీ చూడాలి. కింది వైపు తప్పక తడమాలి. మన క్వారీల, బొగ్గు గనుల దుమ్ముకు ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది.

4. యాక్చుయేటర్ చూడాలి. గేజీ ఉన్న చేతి పంపుతో మెల్లగా గాలి ఇస్తే రాడ్ సాఫీగా కదిలి, గాలి నిలవాలి. నిలవకపోతే లోపలి పొర చిరిగింది. టైర్లకు కొట్టే కంప్రెసర్ గాలి నేరుగా పెడితే బాగున్న పొర కూడా చిరుగుతుంది. వాక్యూమ్ డబ్బా అయితే వాక్యూమ్ పంపుతోనే చూడాలి.

5. రాడ్ కదిలినా తలుపు కదలకపోతే మసి పట్టి బిగుసుకుందని అర్థం. మూసుకుని బిగిస్తే బూస్ట్ ఎక్కువ, తెరుచుకుని బిగిస్తే తక్కువ. తలుపు కీలు అరిగితే నెమ్మదిగా పోయేటప్పుడు గలగల చప్పుడు వస్తుంది.

6. బూస్ట్‌ను అదుపు చేసే సోలెనాయిడ్ వాల్వ్, దాని వైర్లు చూడాలి. పైపులు తారుమారుగా పెట్టినా ఇవే లక్షణాలు వస్తాయి.

7. పెట్రోలు కారు అయితే డైవర్టర్ వాల్వ్ చూడాలి. దాని పొర చిరిగితే యాక్సిలరేటరు తొక్కినప్పుడు గాలి లీకై గుంజుడు తగ్గుతుంది. తెరుచుకోకుండా బిగిస్తే కాలు తీసినప్పుడు "తుతుతు" వినబడుతుంది.

8. అన్నీ అయ్యాకే టర్బో. ఇంజను ఆపి చల్లారాక ఇరుసును పట్టి చూడాలి. పక్కలకు కొద్దిగా ఆడటం సహజం. ముందుకు వెనక్కు ఆడితే, రెక్కలు గోడకు తగిలితే, పైపు నిండా ఆయిలు ఉంటే అప్పుడు నిజంగానే టర్బో పోయినట్టు.

కొన్ని హెచ్చరికలు

నడిచి వచ్చిన బండి టర్బోను ముట్టుకోవద్దు, చేయి కాలుతుంది. బూస్ట్ పెంచుదామని వేస్ట్‌గేట్ రాడ్ మరలు తిప్పవద్దు, ఇంజనే పోవచ్చు. సెలైన్ పైపు, గ్యాసు స్టవ్ పైపు ముక్కలు తగిలించవద్దు. "చూష్" మనే శబ్దం కోసం గాలిని బయటికి వదిలే వాల్వ్ కొని పెట్టుకునే తమ్ముళ్ళకు ఒక మాట. గాలిని సెన్సర్‌తో తూచే కార్లలో, తూచిన గాలి బయటికి పోతే లెక్క తప్పి, ఇంధనం ఎక్కువై ఇంజను ఆగిపోవచ్చు కూడా. ఆయిలు సమయానికి మార్చడం, ఘాట్ ఎక్కి ఆపిన వెంటనే తాళం తీయకుండా ఒక నిమిషం ఇంజనును తిరగనివ్వడం, ఈ రెండూ టర్బో ఆయుష్షు పెంచుతాయి.

చివరిగా

ఆ షెడ్డు మెకానిక్ దొంగ అని నేను అనను. కాగితం మీద "టర్బో" అన్న మాట వరకు చదివి ఆగిపోయాడు. మా బాపు అక్కడి వరకు కూడా చదవలేడు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. మా ఊళ్ళో "ఇంత చదివి ఏం చేస్తవ్?" అని అడిగేవారికి ఇన్నాళ్ళూ నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఒకటి దొరికింది. ఆ వాక్యాన్ని చివరి దాకా చదివాను. అమ్మ గుండ్ల దండ మెడలోనే ఉంది, చెల్లె ఫీజు సమయానికే కట్టాం.

తమ్ముళ్ళారా, మీరు మెకానికల్ చదవకపోవచ్చు. కానీ మీ ఇంటికి వచ్చే ఆసుపత్రి చీటీ, బ్యాంకు నోటీసు, షెడ్డు బిల్లు ఏదైనా చివరి దాకా చదవండి. అర్థం కాకపోతే అడగండి. చీలిన ఆ పైపు ముక్కను బాపు ఇప్పటికీ కారు అరలో దాచుకున్నాడు. ఎవరైనా టర్బో పోయిందంటే చాలు, "ముందు పైపు చూసినవా?" అని అడుగుతున్నాడు.