ఆఫ్రికాలో అడుగుపెట్టా... స్పెయిన్ మాత్రం దాటలేదు!

మొరాకో ఉత్తర తీరాన్ని మ్యాప్‌లో బాగా జూమ్ చేసి చూడండి. రెండు చిన్న చుక్కలు కనిపిస్తాయి. ఒకటి సెయుటా, ఇంకోటి మెలియా. ఉన్నది ఆఫ్రికాలో. ఎగిరేది స్పెయిన్ జెండా, జేబులో ఉండేది యూరోలు. ఆంధ్రప్రదేశ్ మధ్యలో ఉన్నా పుదుచ్చేరికి చెందిన మన యానాం లాంటివన్నమాట. కాకపోతే యానాం చుట్టూ కంచె లేదు. ఇక్కడుంది. అదేంటో చూద్దామని గత వేసవిలో బయల్దేరా.

గంటలో ఖండం మారింది

దక్షిణ స్పెయిన్‌లోని అల్హెసిరాస్ రేవులో ఫెర్రీ ఎక్కా. ఎడమవైపు జిబ్రాల్టర్ కొండ కనిపిస్తూ వెనక్కి వెళ్లిపోయింది. సుమారు గంటలో సెయుటా వచ్చేసింది. ఊరి విస్తీర్ణం 18.5 చదరపు కిలోమీటర్లే, జనం 80 వేల పైమాటే. 1415లో పోర్చుగల్ దీన్ని ఆక్రమించింది. 1668లో స్పెయిన్ చేతికొచ్చింది.

మొదట చూడాల్సింది పాత కోట గోడలు. కందకంలో సముద్రపు నీళ్లే పారుతుంటాయి, పడవలు కోట మధ్యలోంచి వెళ్తుంటాయి. ఈత ఇష్టమైతే సీజర్ మన్రీకె డిజైన్ చేసిన మారిటైమ్ పార్కుకి వెళ్లండి. తీరం పక్కనే ఉప్పునీటి కొలనులు, మధ్యలో దీవులు.

నాకు భలే అనిపించింది ఇంకోటుంది. వీధిలో నడుస్తుంటే ఓ షాపులోంచి హిందీ వినిపించింది. వందేళ్లకు పైగా ఇక్కడ సింధీ వ్యాపారులున్నారు. హిందూ గుడి కూడా ఉంది. చర్చి, మసీదు, యూదుల ప్రార్థనా మందిరం, గుడి... నాలుగూ ఒక్క ఊళ్లోనే. దీపావళి చేస్తారు. బక్రీద్‌కి ప్రభుత్వ సెలవే. ఆ షాపు పెద్దాయన 'ఇండియా నుంచా బాబూ!' అంటూ కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాకే ఊరి సంగతులు మొదలుపెట్టారు.

కంచె అవతల అక్క

మర్నాడు ఊరి చివరున్న బెన్సూ వెళ్లా. పుదీనా టీకి ఫేమస్. టీ కొట్టు నుంచి చూస్తే కంచె, దాని వెనకాలే బెల్యూనెష్ అనే మొరాకో పల్లె. గట్టిగా పిలిస్తే పలికేంత దూరం. టీ ఇచ్చినాయనతో నాకొచ్చిన కొద్దిపాటి స్పానిష్‌లో మాట కలిపా. వాళ్లక్కను ఆ ఊరికే ఇచ్చారట. ఇక్కణ్నుంచి దారి లేదు. తారహల్ గేటు దాకా వెళ్లి, సరిహద్దు దాటి, చుట్టూ తిరిగి రావాలి.

కొవిడ్‌తో 2020 మార్చిలో ఆ గేటు మూతపడింది. మళ్లీ తెరిచింది 2022 మే నెలలో. 'రెండేళ్లు వీడియో కాల్‌లోనే చూసుకున్నాం. కిటికీ తీస్తే మా అక్క వాళ్ల ఊరే కనిపించేది' అన్నాడు. ఒకప్పుడు పక్క ప్రాంతాల మొరాకో వాళ్లు పగటిపూట వీసా లేకుండానే వచ్చి పనులు చేసుకుని వెళ్లేవారు. ఇప్పుడు వీసానో, వర్క్ పర్మిటో ఉండాల్సిందే.

మెలియాలో రెండు ముఖాలు

మెలియాకి మలాగా నుంచి ఫెర్రీ ఉంది, విమానాలూ ఉన్నాయి. 1497 నుంచీ స్పెయిన్‌దే. పన్నెండు చదరపు కిలోమీటర్ల ఊళ్లో ఎటు చూసినా పూల నగిషీల మేడలే. చాలావరకు ఎన్రీకె నియేతో అనే ఆర్కిటెక్ట్ కట్టినవి. ఫొటోలు తీస్తే మెమరీ సరిపోదు! 1936లో స్పెయిన్ అంతర్యుద్ధానికి దారితీసిన సైనిక తిరుగుబాటు మొదలైందీ ఇక్కడే.

రెండో ముఖం ఊరి అంచున ఉంది. ఆరు మీటర్లకు పైగా ఎత్తున్న కంచె, దాని పక్కనే పచ్చటి గోల్ఫ్ కోర్సు. 2014లో వచ్చిన ఓ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. కింద గోల్ఫ్ ఆడుతుంటారు, కంచె మీద వలస వచ్చిన కుర్రాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. 2022 జూన్ 24న ఈ కంచె దాటబోయి కనీసం 23 మంది చనిపోయారు. అంతకంటే ఎక్కువ మందే అంటాయి హక్కుల సంఘాలు. చాలామంది సూడాన్ నుంచి యుద్ధం, పేదరికం తప్పించుకుని వచ్చినవాళ్లు. అదే సరిహద్దు, నేను పాస్‌పోర్టు చూపిస్తే రెండు నిమిషాల పని. అక్కడ నిలబడి ఫొటో తీయబుద్ధి కాలేదు.

ఇంతకీ ఎవరివి?

'మా తీరం, మాకే ఇవ్వాలి' అంటుంది 1956లో స్వతంత్రమైన మొరాకో. 'ఆ దేశం ఏర్పడక ముందునుంచీ మావే' అంటుంది స్పెయిన్. తమాషా ఏంటంటే, తన తీరంలో బ్రిటన్ చేతిలో ఉన్న జిబ్రాల్టర్‌ని వెనక్కి అడిగేదీ ఇదే స్పెయిన్!

వెళ్లాలంటే...

* షెంగెన్ వీసా కావాలి. మొరాకోలోకి అడుగుపెట్టి తిరిగి రావాలంటే అది మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. మొరాకో వీసా సంగతీ చూసుకోండి.
* ఫెర్రీలో స్పెయిన్ ప్రధాన భూభాగానికి తిరిగొచ్చేటప్పుడూ తనిఖీ ఉంటుంది. పాస్‌పోర్టు హోటల్లో వదిలేయొద్దు.
* వేసవిలో సరిహద్దుకి అటూ ఇటూ గంట తేడా. ఫోన్ టైమ్ దానంతటదే మారిపోతుంటుంది. ఫెర్రీ టికెట్ స్పెయిన్ టైమ్ ప్రకారమే.
* సెయుటాకి ఒక రోజు, మెలియాకి రెండు రోజులు చాలు. బెన్సూలో టీకి మాత్రం ఓ సాయంత్రం ఉంచుకోండి. అక్కడివాళ్లు మాట్లాడితే తొందరపడకుండా వినండి.