పౌరుని చేతిలో యుద్ధవిమానము

బాపట్ల, సూర్యలంక ప్రాంతపు ప్రజలకు యుద్ధవిమానముల ఘోష క్రొత్త కాదు. సూర్యలంకలో వైమానికదళ కేంద్రము చాల కాలముగ నున్నది. 2022 డిసెంబరు 29వ తేదీన కొరిశపాడు, రేణంగివరముల మధ్య 16వ జాతీయ రహదారిపై నిర్మించిన 4.1 కిలోమీటర్ల అత్యవసర అవతరణ మార్గమును వైమానికదళము పరీక్షించినప్పుడు, కృష్ణా డెల్టా దక్షిణపు అంచు గ్రామముల వారు జెట్ విమానములను ఎన్నడును లేనంత చేరువనుండి చూచిరి. అట్టి విమానములను చూచిన విద్యార్థికి సహజముగ ఒక ప్రశ్న పుట్టును. సైన్యసేవ ముగిసిన పిమ్మట ఇవి ఏమగును? ధనమున్నవాడు ఒకదానిని కొని, కారు నడుపుకొన్నట్లు స్వయముగ నడుపుకొనవచ్చునా?

అమెరికా, బ్రిటన్ వంటి కొన్ని దేశములలో నడుపుకొనవచ్చును, నడుపుచున్నవారును కలరు. మన ప్రాంతమున సైనిక విమానమునకు, పౌరునకు గల సంబంధము వేరు దారిన నడచినది. ఆ దారియే ముందుగ చెప్పుకొనదగినది. అది హైదరాబాదునుండి మొదలగును.

మొదటి ప్రపంచయుద్ధకాలమున నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వైమానికదళమునకు ఒక స్క్వాడ్రనుకు సరిపడు విమానములను కానుకగ నిచ్చెను. అది 110వ స్క్వాడ్రను. దానికి హైదరాబాదు స్క్వాడ్రను అని పేరు వచ్చినది. అవి డి.హెచ్. 9-ఏ రకపు బాంబు విమానములు. కొయ్య చట్రము, గుడ్డ తొడుగు, రెండు జతల రెక్కలు గలవి. 1918 సెప్టెంబరు నాటికి ఫ్రాన్సు రణరంగమునకు చేరినవి. ఒక్కొక్క దానిపై నిజాము కానుక అను వ్రాత ఉండెడిది. వానిలో ఎఫ్-1010 సంఖ్య గలది 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనుల చేత చిక్కెను. అది బెర్లినులో ప్రదర్శింపబడి, తరువాత పోలండులోని క్రాకోవ్ చేరి, చివరకు 1977లో లండనులోని వైమానికదళ మ్యూజియమునకు వచ్చినది. ఇట్లు దక్కను ధనముతో కొన్న విమానమొకటి దక్కను ముఖము చూడకయే మూడు దేశముల మ్యూజియములు చూచినది. రెండవ ప్రపంచయుద్ధమందును స్పిట్‌ఫైర్ విమానములు గల 152వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు ఉండెను. దాని చిహ్నమున నిజాము తలపాగా కనిపించును.

ఇవి దానములే గాని స్వామ్యములు కావు. సైనికవిమానము పౌరుల ఆస్తియై, పౌరులకు పనిచేసినది రెండవ యుద్ధము ముగిసిన పిమ్మటనే. డగ్లస్ కంపెనీవారి డకోటా విమానములు యుద్ధమున పదివేలకు పైగా తయారైనవి. శాంతి రాగానే వేలకొలది మిగిలిపోయి, చౌకగ అమ్ముడుపోయినవి. నిజాము ప్రభుత్వము, టాటా ఎయిర్‌లైన్స్ కలిసి 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రముగ ఈ డకోటాలనే నడిపినది. సైనికులు ప్రక్కగోడల వెంట కూర్చొను లోహపు బల్లలను తీసివేసి మెత్తని ఆసనములు వరుసగ బిగించుట, లోపలి గోడలకు తొడుగు వేయుట, తలుపులు మార్చుట, అంతయు విప్పి తనిఖీ చేసి మరల కూర్చుట, ఇట్టి పని అప్పటి దేశీయ విమానసంస్థల కొరకు బెంగుళూరులోని హిందుస్థాన్ కర్మాగారమున విస్తారముగ జరిగెడిది. 1953 ఆగస్టు 1న దేశములోని ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడ అందు కలిసిపోయినది. మన గన్నవరము విమానాశ్రయము సైతము యుద్ధకాలమున సైనికస్థావరముగ ఉండి పిదప పౌరులకు దక్కినదే. యుద్ధము విడిచిపోయిన వస్తువుతో శాంతికాలము బండి లాగినది అనవచ్చును.

డకోటా ఏల అంత సులభముగ పౌరజీవితమున ఇమిడిపోయినది? అది మొదటనే ప్రయాణికుల విమానము. యుద్ధమునకు దుస్తులు మార్చుకొన్నది, అంతే. నెమ్మదిగ దిగును, గడ్డి నేలపైనను దిగును. ఈ ఓర్పు వలననే 2018లో ఒక డకోటా బ్రిటన్ నుండి భారతదేశమునకు తన రెక్కలపై తాను ఎగిరి రాగలిగినది. పార్లమెంటు సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ 2011లో తుక్కు స్థితిలో దానిని కొని, బాగు చేయించి, వైమానికదళమునకు కానుకగ నిచ్చెను. ఆయన తండ్రి వైమానికదళమున డకోటా పైలట్. 1947 అక్టోబరు 27న శ్రీనగరమునకు సిక్కు రెజిమెంటు సైనికులను చేర్చిన డకోటా సంఖ్యయగు వి.పి. 905ను దీనికి వేసి, పరశురామ అని పేరుపెట్టి, 2018 మే 4న హిండన్ స్థావరమున దళములో చేర్చుకొనిరి. పౌరుడు కొన్న సైనికవిమానము తిరిగి సైన్యమునకే చేరుట విచిత్రమే.

దీనికి ఎదురుదిశలో జరిగిన కథ కూడ ఒకటి కలదు. యుద్ధానంతరము కాన్పూరులో అమెరికా వారి లిబరేటర్ బాంబు విమానములు మరల ఎగురకుండ చెడగొట్టి పారవేయబడినవి. హిందుస్థాన్ కర్మాగారము వారు వానిలో పనికివచ్చువానిని ఏరి సరిచేయగా, అవి మన వైమానికదళమున 1968 వరకు పనిచేసినవి. వానిలో ఒకటి 1980ల ప్రారంభమున బ్రిటన్‌లోని సంగ్రాహకునికి, అచటినుండి అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషనుకు చేరి, అచట ఎగురు స్థితికి వచ్చినది. మనకు తుక్కు అయినది వారికి ఆస్తి అయినది.

ఇంతవరకు చెప్పినవన్నియు పంకాలతో ఎగురు విమానములు. జెట్ సంగతి పూర్తిగ వేరు. పైకి చూచుటకు చిన్న జెట్ డకోటా కంటె ఎంతో అల్పముగ కనిపించును. 1965 యుద్ధమున పేరుగాంచిన మన నాట్ విమానపు రెక్కల వెడల్పు ఏడు మీటర్లైనను లేదు. ఒక పెద్ద లారీ షెడ్డులో పట్టును. బ్రిటన్‌లో రెండు ఆసనముల నాట్ విమానములను నేటికిని పౌరులు నడుపుచున్నారు. దాని ఆర్ఫియస్ ఇంజను కుటుంబమే మన మారుత్‌కు, కిరణ్ రెండవ రకమునకును ప్రాణము. అయితే ఆ చిన్న దేహమును కొనుటతో ఖర్చు ముగియదు. ఏనుగును కొని అంకుశము వద్ద బేరమాడినట్లు అని మన సామెత. ఇచట అంకుశమే ఏనుగు కంటె ప్రియము.

జెట్ త్రాగునది శుద్ధిచేసిన కిరోసినే. కాని దాహము తీరనిది. చెకోస్లొవేకియా వారు చేసిన ఎల్-39 అను శిక్షణ విమానము పాతజెట్లలో మితవ్యయము గలదిగ పేరుపొందినది. అదియు గంటకు కొన్ని వందల లీటర్లు మింగును. క్రింది ఎత్తులలో గాలి చిక్కన గనుక వ్యయము ఇంకను పెరుగును. యుద్ధవిమానము స్వల్పకాలపు పనికి నిర్మింపబడినది గనుక తొట్టిలో పట్టు ఇంధనము తక్కువ. పైలట్ ఆకాశమున ఉన్నంతసేపు ఒక కన్ను ఇంధనపు సూచికపైననే ఉంచవలెను. ఇక వేగము. మిగ్-21 గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. డకోటా అందులో సగము కంటె తక్కువ వేగముతో దిగును. ఆ వేగమున ఒక్క క్షణపు ఆలస్యము ఎనుబది మీటర్లు.

పైలట్ ఆసనము మరియొక చిక్కు. ప్రమాదమున పైలట్‌ను బయటకు విసరివేయు ఈ ఆసనము క్రింద ప్రేలుడు గుండ్లు ఉండును. వానికి కాలపరిమితి కలదు. గడువు తీరిన పిమ్మట మార్చవలెను. మార్చుటకు దొరకనిచో, లేదా చట్టము ఒప్పుకొననిచో, కొందరు యజమానులు గుండ్లు తీసివేసి ఎగురుదురు. అప్పుడు ఆపదలో పైలట్ పూర్వకాలపు వలె తానే లేచి దూకవలెను. తక్కువ ఎత్తున అది అసాధ్యము. నేలపై నిలిచియున్న విమానములోనికి పిల్లలను ఎక్కించి ఫోటోలు తీయుట ముచ్చటగ నుండును గాని, ఆ గుండ్లు సజీవముగ ఉన్నచో అది మందుపాతరపై కూర్చొండబెట్టుటయే.

అన్నిటికన్న కంటికి కానరాని శత్రువు లోహపు అలసట. ఇనుపతీగను అటునిటు వంచుచుండిన కొంతసేపటికి అదే విరుగును. రెక్కమూలములు ప్రతి మలుపునను ఇట్లే వంగును. విమానము ఎన్ని గంటలు ఎగిరినది, ఎంత తీవ్రముగ తిరిగినది అను లెక్క దాని పుస్తకములలో ఉండవలెను. పుస్తకము పోయిన విమానము, జాతకము పోయిన మనిషి కంటె కష్టము; మనిషి వయస్సు ముఖము చూచి కొంతైనను చెప్పవచ్చును.

అమెరికాలో ఇట్టి జెట్లకు ప్రయోగాత్మక ప్రదర్శన తరగతి క్రింద అనుమతి ఇత్తురు. ఆయుధములు తీసివేయవలెను, ప్రయాణికులనుండి కిరాయి తీసికొనరాదు, ఎచటెచట ప్రదర్శింపదలచినది ప్రభుత్వమునకు ముందుగ తెలుపవలెను, నడుపువానికి ఆ రకపు విమానమునకు ప్రత్యేక అధికారపత్రము ఉండవలెను. 1991లో సోవియట్ యూనియన్ కూలిన పిమ్మట తూర్పు ఐరోపానుండి మిగ్‌లు, ఎల్-39లు అమ్మకమునకు వచ్చి ఆ దేశమున ఈ షోకు బాగుగ పెరిగినది. షోకు అను మన తెలుగు మాట ఉర్దూ షౌక్ నుండి వచ్చినదే. ఈ వ్యవహారమునకు అంతకన్న తగిన మాట నాకు దొరకలేదు.

షౌక్ తన ప్రాణమునకే ముప్పు తెచ్చుకొన్నంతవరకు అది వాని ఇష్టము. 2015 ఆగస్టు 22న ఇంగ్లండులోని షోర్‌హామ్ ప్రదర్శనలో ఒక పాత హంటర్ జెట్ గిరికీ కొట్టుచు, చాలినంత ఎత్తు లేక రహదారిపై కూలినది. పదునొకండుగురు మరణించిరి. వారిలో ఒక్కరును విమానములో లేరు. అందరును నేలపై ఉన్నవారే. పైలట్ బ్రతికెను. ఆ పిమ్మట బ్రిటిష్ అధికారులు నేలపై ప్రదర్శనలలో పాతజెట్ల విన్యాసములను నిషేధించి, కేవలము నేరుగ ఎగిరిపోవుటకే అనుమతించిరి. హంటర్ మన వైమానికదళమునను దశాబ్దములు సేవ చేసిన గొప్ప విమానము. దోషము విమానజాతిది కాదు. సైన్యమున పైలట్ వెనుక శిక్షకులు, వైద్యులు, వాతావరణశాఖ, తనిఖీదారులు వందలమంది ఉందురు. హైదరాబాదున పుట్టి, నిజాం కళాశాలలో చదివి, వాపిటి వంటి పాత విమానములు నడుపుటతో మొదలుపెట్టి 1978 నుండి 1981 వరకు వైమానికదళాధిపతిగ ఉన్న ఇద్రీస్ హసన్ లతీఫ్ వంటివారిని తయారు చేసినది అట్టి వ్యవస్థయే. పౌరయజమాని ఆ వందలమంది పనిని అయిదారుగురితో నెట్టుకొని రావలెను.

ధనము, జనాదరణ రెండును ఉన్నను చాలదనుటకు వల్కన్ ఉదాహరణము. బ్రిటన్‌లోని ఈ భారీ బాంబు జెట్‌ను ఒక ధర్మనిధి ప్రజల చందాలతో బాగుచేయించి 2007 అక్టోబరులో మరల ఎగిరించినది. 2015 అక్టోబరు 28న అది చివరిసారి ఎగిరినది. అప్పటికి చందాలు ఆగలేదు. దానిని తెలిసిన ఇంజనీర్లు వృద్ధులగుచుండగా, తయారీ సంస్థలు ఇక మేము బాధ్యత వహింపజాలమని తప్పుకొనుటయే కారణము.

1963లో వచ్చిన మిగ్-21 మన దళమునుండి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసికొన్నది. వానిని పౌరులకు అమ్మి ఎగురనిచ్చిన బాగుండునని కొందరందురు. జనసాంద్రత ఇంతగా ఉన్న మన నేలపై, షోర్‌హామ్ తరువాత, ఈ వ్యాసకర్త దానిని సమర్థింపలేడు. అట్లని స్తంభముపై ఎక్కించి మరచిపోవుటయు న్యాయము కాదు. కోస్తా ఉప్పుగాలి అల్యూమినియమును ఏడాదికేడాది తినును. ఎగురకపోయినను ఇంజను విప్పి చూపుటకు, రెక్కమూలము కోసి లోపలి నిర్మాణము బోధించుటకు పాతజెట్ కంటె మంచి పాఠ్యపుస్తకము లేదు. అట్టి వానిని సాంకేతిక విద్యాలయములు కోరి తెచ్చుకొనుట మేలు.

కళాశాల కమిటీవారు వచ్చే విహారయాత్రకు విశాఖపట్నమును ఎంచుకొన్నచో, సముద్రతీరపు రోడ్డున టి.యు-142 విమానమును తప్పక చూపింపవలెను. 1988లో నౌకాదళమున చేరిన ఆ రకపు విమానములు 2017 మార్చి 29న అరక్కోణములో సేవ ముగించినవి. ఒకటి విశాఖకు ఎగిరివచ్చి, అదే సంవత్సరము డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగ మ్యూజియముగ తెరువబడినది. విద్యార్థులు దాని ఇంజనుల ముందు కొంతసేపు నిలువవలెను. ఒక్కొక్క ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగ రెండేసి పంకాలు, ఒకదానికొకటి ఎదురుదిశలో తిరుగునట్టివి కనిపించును. వానిని త్రిప్పునది లోపలి జెట్ యంత్రమే. కురుసుర జలాంతర్గామి రోడ్డుకు ఆవలి ప్రక్కనే ఉన్నది గనుక రెండును ఒకే పూటలో చూడవచ్చును.