క్రిమినే యడిగి మందు నెరిగించు యంత్రము

సిగ్గుచే మనము దాచుకొను వ్యాధులలో మూత్రపు మంట యొకటి. స్త్రీలకు మూత్రనాళము పొట్టిదగుటచే సూక్ష్మక్రిములు సులభముగా లోనికి జొచ్చును. నిరుడు నాకీ బాధ కలుగగా, పొరుగింటి వదినగారు తాము వాడగా మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు నాలుగిచ్చిరి. మ్రింగితిని. మంట కొంత తగ్గినట్లే యుండి, అయిదవనాడు నడుమునొప్పితో చలిజ్వరము వచ్చెను. అప్పుడు వైద్యురాలు మూత్రమును పరీక్షకు బంపిరి. మూడు దినములకు గాని ఫలితము రాలేదు. నేను మ్రింగిన మందును ఆ క్రిమి లక్ష్యపెట్టదట!

ఇన్ని దినములేల? పరీక్షాలయమున ముందుగా క్రిమిని పోషకపదార్థముపై నొకనాడు పెంచవలెను. పిదప మందు పట్టించిన కాగితపు బిళ్లలను క్రిములపై నుంచి, ఏ బిళ్ల చుట్టును అవి పెరుగవో మరునాడు చూడవలెను. పాలు తోడుకొనుటకై రాత్రియంతయు వేచియుండుట వంటిదే యిదియు. ఆ లోపల వైద్యులైనను ఊహమీదనే మందీయవలసి వచ్చును.

రక్తపరీక్షకు 1990 ప్రాంతముననే యొక యుపాయము వచ్చినది. సీసా యడుగున రంగు మారెడు సెన్సారొకటి యుండును. క్రిములు పెరుగుచు విడుచు బొగ్గుపులుసు వాయువుచే అది పసుపువన్నె కెక్కును. యంత్రము పది నిమిషముల కొకమారు దానిని కనిపెట్టుచుండును. క్రిమి యున్నదని తెలియును గాని, దేనికి లొంగునో దీనివలన తెలియదు.

ఆ కొరతను మూత్రవ్యాధుల విషయమున స్వీడను దేశపు ఉప్సాలా నగరమువారు తీర్చిరి. పిఎ-100 అను వారి యంత్రమునకు 2024 జూన్‌లో ఇంగ్లండునందు లాంగిట్యూడ్ బహుమానము, 80 లక్షల పౌనులు, లభించెను. అందలి చిన్న పలకలో వెండ్రుకకంటె సన్నని కాలువలు పదివేలకు పైగా గలవు. కొద్దిపాటి మూత్రమును పోసినచో క్రిములా కాలువలలో చిక్కుకొనును. కొన్నిటిలో మందు పారును, కొన్నిటిలో పారదు. కెమెరా రెండింటిని పోల్చి చూచుచుండును. మందున్నచోట గూడ క్రిమి యథాప్రకారము పెరిగెనా, ఆ మందు వ్యర్థము. క్రిమి యున్నదో లేదో 15 నిమిషములలోను, అయిదు మందులలో ఏది పనిచేయునో 45 నిమిషములలోను తెలియును. క్రిమి పేరుకంటె ఈ రెండవ సంగతియే రోగికి కావలసినది.

పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న ఫ్లెమింగు పండితుడు, చాలీచాలని మోతాదు క్రిమిని చంపక మందునకు అలవాటు పరచునని 1945లోనే హెచ్చరించెను. నా నాలుగు మాత్రలును అట్టివే గదా!

ఈ యంత్రము సంగతి వదినగారికి జెప్పితిని. "నలుబదియైదు నిమిషములా! ఆ పాటికి నాకు పప్పు రుబ్బుటైనను కాదు" అని యాశ్చర్యపడి, లోనికేగి మాత్రల డబ్బాను దెచ్చి నా ముందు బోర్లించిరి.